నాడులను బెంచు మాంసకృత్తు

మన శరీరమునందలి కణములు ఒకదానితో నొకటి పొత్తులేక యుండునవి కావు. ఒక కణము చిన్న మాంసకృత్తును వెలువరించును. వేఱొక కణము దానిని దన పైపొరయందు గ్రహించి, పెరుగవలయునో, నశింపవలయునో యెఱుంగును. ఇట్టి మాంసకృత్తులు శరీరములో నడచు జాబులవంటివి. నాడీవృద్ధికారక మనునది వానిలో నొకటి. దానిని గనుగొన్నది యొక స్త్రీ యగుటచే, ఆ చరిత్రమును మన మందఱము దెలిసికొనవలయునని మా యభిప్రాయము.

ఆమె పేరు రీటా లేవీ మోంతల్చీనీ. ఇటలీలోని టూరిన్ నగరమున 1909లో జన్మించెను. పెద్దచదువు లాడుదాని గృహధర్మమునకు భంగకరములని తండ్రి మొదట నంగీకరింపలేదు. ఆమె యిరువదవయేట నతనిని వేడి యొప్పించి, ఎనిమిది మాసములలో లాటిను, గ్రీకు, గణితములందలి కొఱత దీర్చుకొని వైద్యవిద్యలో జేరి, 1936లో బట్టమందెను. రెండేండ్లకే ముసోలినీ ప్రభుత్వము యూదులను విద్యాలయములనుండి వెడలగొట్టెను. ఆమెయు యూదుల బిడ్డయే.

అంతట నామె తన పడకగదినే ప్రయోగశాలగ జేసికొనెను. కుట్టుసూదులను నూరి శస్త్రములుగ వాడెను. కోడిగ్రుడ్లలోని పిండములందు నాడు లెట్లు పుట్టునో, యెట్లు నశించునో పరిశీలించెను. బాంబులు పడుచుండగా బల్లెకు దరలి, యచ్చటను గ్రుడ్లు సేకరించి పని సాగించెను.

యుద్ధానంతరము 1947లో హాంబర్గర్ పండితుని యాహ్వానముపై అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునకు వెళ్ళెను. అచ్చట నెలుకకంతి ముక్కను కోడిపిండమున నాటగా నాడులు విపరీతముగ బెరిగెను. కంతినుండి యేదో పదార్థము వెలువడుచున్నదని యామె యూహించెను. 1952లో బ్రెజిల్ దేశమున, గాజుపాత్రలో నాడీకణముల చెంత గంతిముక్క నుంచగా, తంతువులు సూర్యకిరణములవలె నలుదెసల వ్యాపించెను. ఊహ నిజమయ్యెను.

పిమ్మట స్టాన్లీ కోహెన్ అను రసాయనవేత్త యామెకు దోడయ్యెను. పరీక్షకై కంతిసారమున బాముకోఱవిషము గలుపగా, ఆ విషమునందే యీ పదార్థ మధికముగ నున్నదని తేలెను! పాము విషగ్రంథికి సాటియైనది యెలుక లాలాజలగ్రంథి గదా యని వెదకగా, మగయెలుక గ్రంథిలో నది సమృద్ధిగ లభించెను. 1986లో నోబెల్ బహుమాన మీ యిరువురకు వచ్చెను.

చిరకాలము ప్రయోగశాలల కెలుకగ్రంథులే యాధారము. 1983లో మానవుల యందలి యీ మాంసకృత్తు జన్యువు తెలియవచ్చెను. జన్యువనగా మాంసకృత్తును జేయు విధము వ్రాసిన చీటి యనుకొందము. ఆ చీటిని బాక్టీరియాలో జొప్పించినచో, నది మానవుని మాంసకృత్తునే తయారుచేయును. అయితే యది తఱచు చిక్కుపడిన నూలువలె నుండును. దానిని విప్పి, సరియైన మడతలు పెట్టి, శుద్ధిచేసి, గడ్డకట్టించి యార్చి, తెల్లనిపొడిగ సీసాలలో బంపుదురు. ఒక్కొక్క సీసాలో నుండునది గ్రాములో బదిలక్షలవ వంతుల లెక్కనే. పరిశోధకులు నాడీకణములను బెంచుటకును, మందులను బరీక్షించుటకును దానిని వాడుదురు.

ఆ సీసాపై “పరిశోధనకు మాత్రమే” యని యుండును. అది వట్టిమాట కాదు. నాడులను బోషించునదే మితిమీరిన నొప్పిని బుట్టించును. మధుమేహముచే నాడులు చెడినవారి కిది మేలుచేయునని 1990 తరువాతి దశాబ్దమున సూదిమందుగ బరీక్షించిరి. సూదిగ్రుచ్చినచోట నొప్పి కలిగెను, పెద్దపరీక్షలో నాశించిన మేలు గానరాలేదు. కంటిపొర నాడులు చెడి పుండ్లు పడు రోగమునకు మాత్రము చుక్కలమందుగ బనిచేసెను. యూరపులో 2017లోను, అమెరికాలో 2018లోను దాని కనుమతి లభించెను. కావున “వృద్ధికారకములు” గలవని యేదైన లేపనమునో సూదిమందునో యెవరైన బొగడినచో, ఏ వ్యాధికి, ఏ మోతాదులో, మనుష్యులపై బరీక్షించి యనుమతించిరో వైద్యుని నడిగి తెలిసికొనుట మన విధి.

రీటా 2012లో నూటమూడేండ్ల వయసున గన్నుమూసెను. ఆనాడు తండ్రి యంగీకరింపకున్న, కోల్పోయినది గూతురు మాత్రమే యని యా యింటివా రనుకొని యుందురు. మన యిండ్లలో జదువుకొందునని ప్రాధేయపడు బాలికకు బదులు చెప్పునపుడు, తల్లులారా, ఈ సంగతి జ్ఞప్తియం దుంచుకొనుడు.