గోరు పాడైతే ఫంగసేనా? మీకు తెలుసా?

సోరియాసిస్ ఉన్న మనిషికి కాలి బొటనవేలి గోరు పసుప్పచ్చగా మారి, మందమెక్కి, కొసన పొడిపొడిగా రాలుతుంటే ఇంట్లోవాళ్లు వెంటనే ‘పిప్పిగోరు’ అనేస్తారు. మందుల షాపుకెళితే ఫంగస్ మాత్రల పట్టీ చేతికొస్తుంది. మూడు నెలలు మింగినా గోరు అలాగే ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఫంగస్ లేకనే పోవచ్చు. లేదా ఫంగస్‌తో పాటు సోరియాసిస్ కూడా ఉండవచ్చు.

● ఫంగస్ అని అనుమానించిన గోళ్లలో దాదాపు సగానికి అసలు ఫంగసే ఉండదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2013లో వైద్యులకూ రోగులకూ కలిపి ఒక జాబితా ఇచ్చింది. ఫంగస్ ఉన్నట్టు పరీక్షలో తేలకుండా గోళ్లకు మింగే మందు రాయొద్దన్నది అందులో మొట్టమొదటి మాట. సోరియాసిస్ ఉన్నవాళ్ల విషయంలో ఈ మాటను రెండింతలు పట్టించుకోవాలి.

● గోరు మందమవడం, వేలి నుంచి ఊడి పైకి లేవడం, కింద తెల్లటి పొట్టు పేరుకోవడం, రంగు మారడం రెండు జబ్బుల్లోనూ కనిపిస్తాయి. అనుభవమున్న డాక్టరు కూడా కాలిగోటిని కంటితో చూసి తేల్చి చెప్పలేకపోవడానికి కారణం ఇదే. చేతిగోళ్లు కొంత నయం, అక్కడ సోరియాసిస్ తన గుర్తులు వదులుతుంది. గోటి మీద సూదిమొనతో పొడిచినట్టు లోతైన, క్రమం లేని గుంటలు పడతాయి. గోరు తయారయ్యే మొదట్లోనే కణాలు సరిగా పండకుండా పైపొరలో చేరి, గోరు పెరిగేకొద్దీ రాలిపోతాయి. అవి రాలిన చోటే గుంట మిగులుతుంది. ఇంకో గుర్తు గోటి కింద కనిపించే నారింజ, గోధుమ రంగుల మచ్చ. వైద్యులు దాన్ని ‘నూనె చుక్క’ అంటారు. ఫంగస్‌లో ఈ గుంటలు, ఈ చుక్క మామూలుగా కనిపించవు.

● గోరు చూపిస్తే డాక్టరు కాలివేళ్ల సందులు ఎందుకు చూస్తారు? అక్కడ చర్మం నాని పొట్టు లేస్తున్నా, అరికాలు పొడిబారి గీతల వెంబడి తెల్లటి పొడి కనిపిస్తున్నా ఫంగస్ వైపు అనుమానం పెరుగుతుంది. ఒక కాలికే, ఒకటి రెండు వేళ్లకే పరిమితమైనా అంతే. తల వెంట్రుకల్లో, చెవుల వెనక, బొడ్డులో పొలుసులుంటే సోరియాసిస్ వైపు మొగ్గుతారు. చర్మం మీద ఒక్క మచ్చా లేకుండా గోళ్లకే సోరియాసిస్ వచ్చేవాళ్లు కూడా కొద్దిమంది ఉంటారు.

● చేతిలో పట్టే డెర్మోస్కోప్ అనే భూతద్దం చాలా చెబుతుంది. గోరు ఊడిన చోట అంచు చూస్తారు. ఫంగస్ అయితే ఆ అంచు రంపపు పళ్లలా లోపలికి చొచ్చుకుపోతుంది. సోరియాసిస్ అయితే అంచు నున్నగా ఉండి, దాని చుట్టూ ఎర్రటి పట్టీ కనిపిస్తుంది. అయినా ఇది అనుమానాన్ని బలపరిచేదే తప్ప పరీక్షకు బదులు కాదు.

● సోరియాసిస్ గోరు త్వరగా పెరుగుతుంది కాబట్టి ఫంగస్‌ని బయటికి నెట్టేస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. కానీ పలు పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్షలో సోరియాసిస్ ఉన్నవాళ్లలో సుమారు 18 శాతం మందికి గోళ్లలో ఫంగస్ కనిపించింది. ఊడిన గోటి కింద ఏర్పడే ఖాళీలో తడి, చెత్త చేరతాయి, ఫంగస్‌కి అంతకంటే మంచి చోటు దొరకదు. అందుకే పరీక్షలో ఫంగస్ ఉందని వచ్చినా సోరియాసిస్ లేదని అర్థం కాదు. రోగులకు విడమరిచి చెప్పాల్సిన మాట ఇది.

● మన ఇళ్లలో పిప్పిగోళ్లకు గోరింటాకు పెట్టడం పాత అలవాటు. డాక్టరు దగ్గరికి వెళ్లబోతున్నప్పుడు మాత్రం వద్దు. ఆ రంగు గోటికి పట్టుకుంటే గోరు పెరిగి పోయేదాకా వదలదు. నూనె చుక్క, పసుపు చారలు, గోటి కింద సన్నటి రక్తపు గీతలు అన్నీ దాని వెనక దాక్కుంటాయి. నెయిల్ పాలిష్ అయితే తుడిచేసి వెళ్లొచ్చు.

● పరీక్ష తప్పడానికి ల్యాబు కంటే ముందు నమూనాయే కారణమవుతుంది. గోటి కొసన ఊడి వేలాడే ముక్క కత్తిరించి పంపితే అందులో దొరికేది ఎక్కువగా చచ్చిన ఫంగస్, దుమ్ము. బతికున్న ఫంగస్ లోపల, ఆరోగ్యంగా ఉన్న గోటిని ఆనుకుని ఉంటుంది. కాబట్టి ముందు స్పిరిట్‌తో తుడిచి, ఊడిన భాగాన్ని వీలైనంత వెనక్కి కత్తిరించి, ఆ లోపలి పొట్టును చిన్న గరిటెలాంటి పరికరంతో గీకి తీస్తారు. తీసినదాన్ని తడి తగలకుండా పొడి కాగితంలో మడిచి పంపుతారు. అప్పటికే ఫంగస్ మందు వాడుతుంటే ఆ మాట ముందే చెప్పాలి, పరీక్షకు కొన్ని వారాల ముందు ఆపమనొచ్చు.

● ల్యాబులో మొదటి పరీక్ష కేఓహెచ్. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం గోటిలోని కెరటిన్‌ని కరిగిస్తుంది, ఫంగస్ గోడను కరిగించలేదు. మైక్రోస్కోపు కింద అడ్డుగోడలున్న సన్నటి దారాలు మిగిలి కనిపిస్తాయి. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా వస్తుంది, కానీ ఏ జాతి ఫంగసో చెప్పదు. దానికి కల్చర్ కావాలి. ఫ్రెంచి వైద్యుడు రేమండ్ సబూరో పేరుతో పిలిచే ఆహారపు జెల్లీ మీద నాలుగు వారాల దాకా పెంచి చూస్తారు. నిజంగా ఫంగస్ ఉన్నా చాలాసార్లు ఏమీ మొలవదు. కత్తిరించిన గోటిని పీఏఎస్ అనే రంగుతో చూడటం ఫంగస్‌ని బాగా పడుతుంది, దారాలు ముదురు గులాబీ రంగులో తేలిపోతాయి. కేఓహెచ్‌లో ఏమీ లేదన్నా అనుమానం తీరకపోతే ఈ పరీక్ష అడగడం మంచిదని నా అభిప్రాయం.

● కల్చర్‌లో ఏదో మొలిచినంత మాత్రాన అదే దోషి కాదు. గోళ్లకు పట్టే ఫంగస్ ట్రైకోఫైటాన్ రూబ్రమ్ వస్తే నమ్మొచ్చు. గాలిలో తిరిగే బూజు జాతులో, కాండిడానో వస్తే నమూనా మళ్లీ తీసి చూడాలి.

● తొందరపడి మందు వాడితే నష్టం రెండు వైపులా ఉంది. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్ర మింగాక సోరియాసిస్ రేగిన సంఘటనలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ వాడుతున్నవాళ్ల కాలేయం మీద ఇంకో మందు బరువు పడుతుంది. ఇట్రాకోనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు అయితే, సోరియాసిస్‌కి వాడే సైక్లోస్పోరిన్ స్థాయిని రక్తంలో పెంచేస్తుంది. ఇటువైపు, ఫంగస్ ఉన్న గోటికి సోరియాసిస్ అనుకుని స్టెరాయిడ్ పూస్తే ఫంగస్ ఇంకా విస్తరిస్తుంది. వాడుతున్న ప్రతి మందూ డాక్టరుకు చెప్పండి, ఇంజెక్షన్లతో సహా.

● గోటి కింద పొట్టును పుల్లతోనో పిన్నుతోనో గీకకండి. దెబ్బ తగిలిన చోట సోరియాసిస్ కొత్తగా పుట్టుకొస్తుందని 1870లలో జర్మన్ వైద్యుడు హైన్రిష్ కోబ్నర్ గుర్తించాడు. గోళ్లకూ అది వర్తిస్తుంది.

● ఫంగస్ లేదని తేలితే అక్కడితో ఆగకూడదు. వేలి చివరి కీలును కదిపే స్నాయువు గోటి మొదలును ఆనుకునే ఉంటుంది, అందుకే గోళ్ల సోరియాసిస్‌కీ కీళ్ల సోరియాసిస్‌కీ దగ్గరి సంబంధం. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నా, ఒక వేలు మొత్తం ఉబ్బినా గోళ్లు చూపించేటప్పుడే ఆ మాట కూడా చెబితే కీళ్ల డాక్టరు దగ్గరికి పంపుతారు. కీళ్లు ఒకసారి అరిగి వంగిపోయాక మళ్లీ సరికావు, గోరు మాత్రం ఆలస్యమైనా మళ్లీ పెరుగుతుంది.