మీకు తెలుసా? హ్యాండిల్ లాక్ ఒక్కటే చాలదు

పొద్దున్నే రైలు అందుకోవాలని చీపురుపల్లి స్టేషన్ దగ్గర బండి పెట్టి విజయనగరమో విశాఖో వెళ్లేవాళ్లున్నారు. కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరొస్తే ఇక ఎక్కడ చూసినా బళ్లే. యజమాని తిరిగొచ్చేదాకా వాటిలో చాలావాటికి కాపలా హ్యాండిల్ లాక్ ఒక్కటే. అందులో బండిని ఆపేది చిన్న ఇనప పిన్ను. బలమంతా పెట్టి హ్యాండిల్ తిప్పితే అది విరిగిపోతుంది. కాబట్టి రెండో తాళం ఉండి తీరాలి.

డిస్క్ లాక్ కొందామనుకుంటే ముందు చక్రం చూసుకోండి. ఆ తాళం పిన్ను డిస్క్‌కున్న చిల్లులోంచి దూరాలి. మన ఊళ్లలో తిరిగే బళ్లలో ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే ఉన్నవి తక్కువేం కాదు. వాటికి ఈ తాళం పట్టదు. పట్టే బళ్లలోనూ, తాళం తియ్యడం మరిచి బండి కదిపితే చక్రం బిగుసుకుని మనిషి పడిపోతాడు. తాళం నుంచి హ్యాండిల్ దాకా ఒక రంగుతాడు కట్టుకుంటే ఆ ప్రమాదం తప్పుతుంది. ఇంకో చిక్కు: చక్రం తిరగకపోయినా, ఇద్దరు కలిస్తే స్కూటీని ఎత్తి ఆటోలో వేసుకుపోగలరు.

అందుకే నా ఓటు గొలుసుకే. పైన ప్లాస్టిక్ తొడుగు లావు చూసి కొనకండి, లోపల సన్నటి తీగే ఉండొచ్చు. గట్టిపరిచిన ఉక్కుతో, లింకు మందం కనీసం 10 మిల్లీమీటర్లున్నది అడగండి. 16 మిల్లీమీటర్లదైతే చేతి కట్టర్‌కు లొంగడం చాలా కష్టం. కానీ బరువెక్కువ. రోజూ ఒకే స్టాండులో బండి పెట్టేవాళ్లు, స్టాండు వాళ్లతో ఒక మాట చెప్పి గొలుసును అక్కడి స్తంభానికే ఉంచేసి రావచ్చు. గొలుసు వెనక చక్రంలోంచి దూర్చి, స్తంభం చుట్టూ తిప్పి, నేలకు తగలకుండా బిగించాలి. నేలమీద పడుంటే సుత్తి దెబ్బకు ఆ నేలే దన్నవుతుంది.

గొలుసుకు వేసే తాళమూ ముఖ్యమే. గుండ్రటి గొట్టంలాంటి తాళంచెవితో వచ్చే తాళాలు చూశారా? 2004లో అమెరికాలో క్రిప్టోనైట్ కంపెనీ అమ్మిన అలాంటి సైకిల్ తాళాలు మామూలు బాల్‌పెన్ గొట్టంతో తెరుచుకుంటున్నాయని బయటపడింది. పేరున్న కంపెనీ, ఖరీదైన తాళాలు! లక్షల కొద్దీ తాళాలను ఉచితంగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత మెరుగుపరిచినవీ వచ్చాయి గానీ, చవకరకం గొట్టం తాళం మాత్రం వద్దనే చెబుతాను.

ఇన్సూరెన్స్ కాగితం కూడా ఓసారి తీసి చూడండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే బండి పోయినా పైసా రాదు. దొంగతనానికి కవర్ ఉన్న పాలసీ అయినా, క్లెయిమ్ వేసినప్పుడు ఎఫ్‌ఐఆర్‌తో పాటు బండి రెండు తాళంచెవులూ అడుగుతారు. రెండోదాన్ని డిక్కీలో పడేసి ఉంటే ఈరోజే తీసి ఇంట్లో బీరువాలో పెట్టండి.