తిన్నదంతా ఒంటబట్టదు!

ఇంటర్వ్యూలో మీ ముందు రెండు సంచులు పెట్టారనుకోండి. ఒకదాంట్లో సోయా చెక్క. ప్రొటీన్ దాదాపు 48 శాతం. రెండోదాంట్లో మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీశాక మిగిలే డీడీజీఎస్. ప్రొటీన్ 27 శాతం, ధర బాగా తక్కువ. ‘పెరిగే పందుల దాణాలో కిలో సోయా చెక్క తీసేస్తే, దాని బదులు డీడీజీఎస్ ఎంత వేస్తావ్?’ అని అడిగారు. 48ని 27తో భాగించి ‘సుమారు 1.8 కిలోలు’ అన్నారనుకోండి. భాగహారం కరెక్టే. ఉద్యోగం మాత్రం కష్టం!

ఎందుకంటే పందికి కావాల్సింది సంచి మీద రాసిన ప్రొటీన్ కాదు, పేగు పీల్చుకోగలిగిన అమైనో ఆమ్లాలు. మొక్కజొన్న, సోయాతో చేసే దాణాలో అన్నిటికంటే ముందు కొరత పడేది లైసిన్. కిలో సోయా చెక్కలో అది 30 గ్రాముల దాకా ఉంటుంది, అందులో సుమారు 89 శాతం జీర్ణమవుతుంది. అంటే 26 గ్రాములకు పైనే ఒంటబడుతుంది. కిలో డీడీజీఎస్‌లో ఉండేదే 9 గ్రాములు, జీర్ణమయ్యేది 60 శాతం చుట్టూ. చేతికొచ్చేది అయిదున్నర గ్రాములు. ఈ లెక్కన 1.8 కిలోలు కాదు, దగ్గర దగ్గర 5 కిలోలు కావాలి. ఎండబెట్టేటప్పుడు తగిలే వేడికి కొంత లైసిన్ పాడవుతుంది, అది ఒక కారణం. రెండోది పీచు. మనం ఎక్కువగా మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

పందిది మనలాగే ఒకే గది ఉన్న పొట్ట. ప్రొటీన్‌ను కడుపులో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ లాంటి ఎంజైములు ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు చిన్నపేగులోనే రక్తంలో కలవాలి. పీచును కోసే ఎంజైములు పందికి లేవు. దాంతో మొదటి చిక్కు, మొక్క కణాల గోడల లోపల ఇరుక్కున్న ప్రొటీన్‌ దాకా ఎంజైములు పోలేవు. నీళ్లలో కరిగే పీచు, అంటే పెక్టిన్, బీటా గ్లూకాన్ లాంటివి ఉంటే పేగులో మేత గంజిలా చిక్కబడుతుంది, ఎంజైములు సరిగా కలవవు. కరగని పీచు, అంటే తవుడు, పొట్టు లాంటి వాటిలోది, పేగు గోడను రాస్తూ పోతుంది. అప్పుడు జిగురు పొర, రాలిన కణాలు, ఎంజైముల రూపంలో జంతువు సొంత ప్రొటీనే బయటికి పోతుంది. సంపాదన కోసం వెళ్లి జేబులో డబ్బు కూడా పోగొట్టుకుని వచ్చినట్టు!

మరి ఎంత జీర్ణమైందో కొలిచేదెలా? తిన్నదాంట్లోంచి మలంలో పోయింది తీసేస్తే సరిపోతుందని ఒకప్పుడు అనుకున్నారు. అక్కడే మోసపోతాం. చిన్నపేగు దాటిన ప్రొటీన్‌ను పెద్దపేగులోని బ్యాక్టీరియా తినేస్తుంది. మలంలో తక్కువ కనిపిస్తుంది కాబట్టి జీర్ణమైందనుకుంటాం. నిజానికి అక్కడ పుట్టే అమోనియా కండ పెరగడానికి దాదాపు పనికిరాదు. అందుకే చిన్నపేగు చివర చిన్న గొట్టం అమర్చి, అక్కడి నమూనా తీసి కొలుస్తారు. మేతలో జీర్ణం కాని టైటానియం డయాక్సైడ్ కొద్దిగా కలిపి, దాని గాఢతను బట్టి లెక్కగడతారు. అసలు నైట్రోజనే లేని మేత పెట్టి, శరీరం మామూలుగా పోగొట్టుకునే ప్రొటీన్‌ను విడిగా కొలిచి సరిచేస్తారు. ఇలా వచ్చే అంకెను ఎస్‌ఐడీ అంటారు. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012లో వేసిన పందుల పోషక అవసరాల పుస్తకంలో అమైనో ఆమ్లాల పట్టికలు దీని మీదే నడుస్తాయి.

అలాగని పీచును విలన్ చేయకండి. బీట్ పల్ప్ లాంటి పులిసే పీచు పెడితే పెద్దపేగులో బ్యాక్టీరియా పెరిగి, నైట్రోజన్‌ను తమ ఒంట్లో కట్టిపెడుతుంది. మూత్రంలో యూరియాగా పోవాల్సింది మలంలోకి మళ్లుతుంది, షెడ్డులో అమోనియా ఘాటు తగ్గుతుంది. ‘పీచు మంచిదా, చెడ్డదా’ అని ఎవరైనా అడిగితే ‘ఏ పీచు, ఎంత, ఏ వయసు జంతువుకి?’ అని తిరిగి అడగాలి. జిమ్‌కి వెళ్లేవాళ్లకూ ఒక మాట. ఆహార, వ్యవసాయ సంస్థ 2013 నివేదికలో మనుషులు తినే ప్రొటీన్ నాణ్యతకు సూచించిన కొలత కూడా చిన్నపేగు చివరి లెక్కే. మనుషుల మీద కొలవలేనప్పుడు పెరిగే పంది మీద కొలవమంటుంది.

ఇక ఉద్యోగం సంగతి. న్యూట్రిషనిస్ట్ పోస్టులకు సాధారణంగా బీవీఎస్సీ తర్వాత యానిమల్ న్యూట్రిషన్‌లో ఎంవీఎస్సీ చేసినవాళ్లనే చూస్తారు. బీటెక్‌తో అక్కడికి వెళ్లొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. పందుల మీద పరిశోధన అంటే గువాహటి దగ్గర రాణిలోని జాతీయ పంది పరిశోధన కేంద్రం, మన దగ్గరైతే తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం. తెలుగు రాష్ట్రాల్లో దాణా కంపెనీలు ఎక్కువగా కోళ్లు, రొయ్యల వైపే ఉంటాయి. అయినా కోడి దాణాలోనూ జీర్ణమయ్యే లైసిన్ లెక్కే నడుస్తుంది. కెమిస్ట్రీ, బయోటెక్ వాళ్లకు క్వాలిటీ ల్యాబ్‌లు ఉన్నాయి. అక్కడ ప్రొటీన్ అంటే నైట్రోజన్‌ను 6.25తో గుణించడమే, జెల్డాల్ 1883లో చెప్పిన పద్ధతి మీద ఆధారపడి. ఆ అంకెకు జీర్ణం సంగతి తెలియదని గుర్తుపెట్టుకున్న అనలిస్ట్ వేరుగా కనిపిస్తాడు.

ఇంజినీర్లకు దారి ఫార్ములేషన్‌లో ఉంది. తక్కువ ఖర్చుతో దాణా కలపడం అచ్చంగా లీనియర్ ప్రోగ్రామింగ్. 1947లో 77 పదార్థాలతో ఇలాంటి ఆహార సమస్యను చేత్తో లెక్కగట్టడానికి 120 పనిదినాలు పట్టింది. ఇప్పుడు ఎక్సెల్ సాల్వర్‌కి క్షణం పని. మీరూ చేసి చూడండి. శక్తి, ఫాస్ఫరస్, పీచుకు గరిష్ఠ హద్దు షరతులుగా పెట్టి, ఒకసారి మొత్తం ప్రొటీన్‌తో, ఇంకోసారి ఎస్‌ఐడీ లైసిన్‌తో నడపండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి, ఏ పదార్థం ఎందుకు మారిందో అరపేజీ రాయండి. రెజ్యూమెలో ‘పైథాన్ వచ్చు’ అనే లైను కంటే అదే బాగా మాట్లాడుతుంది. తర్వాత తవుడులో పీచు విలువను కొద్దికొద్దిగా పెంచుతూ మళ్లీ నడపండి. ఊక కలిసిన తవుడు మిల్లుకో రకంగా వస్తుంది కాబట్టి, కంపెనీలో రోజూ ఎదురయ్యే తలనొప్పి అదే. మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు, డీడీజీఎస్... ఈ నాలుగూ చాలు మొదలుపెట్టడానికి. ధరలు మీ ఊళ్లో దాణా షాపులో అడిగితే చెప్తారు.