నేపథ్య వర్కర్ల ఏకకాలిక సంఖ్య

వెబ్ అనువర్తనాలలో ఈమెయిళ్ళు పంపుట, బొమ్మల పరిమాణం మార్చుట వంటి ఆలస్యమయ్యే పనులను, వాడుకరిని నిలిపి ఉంచకుండా విడిగా చేసే ప్రక్రియలను నేపథ్య వర్కర్లు అంటారు. ఒక వర్కరు ఒకేసారి ఎన్ని పనులు చేపట్టాలో తెలిపే సంఖ్యను ప్రోగ్రాములో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా ఇవ్వవచ్చు. ఇటువంటి అమరికలను ప్రోగ్రాము వెలుపల ఉంచాలన్న సూత్రం 2011 నాటి ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్ పత్రంతో ప్రచారం పొందినది.

రూబీ భాషలోని సైడ్‌కిక్ ఇందుకు రైల్స్_మ్యాక్స్_థ్రెడ్స్ అనే వేరియబుల్‌ను చదువుతుంది. సంఖ్య ఎక్కడా ఇవ్వనిచో 7వ వెర్షను నుండి 5గా తీసుకుంటుంది.

సంఖ్య పెంచినంత మాత్రాన వేగం పెరగదు. డేటాబేసును వాడే ప్రతి థ్రెడ్డుకూ ఒక కనెక్షను కావాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు పరిమితి మార్చనంతవరకు 100 మాత్రమే. పదేసి థ్రెడ్లున్న 11 వర్కర్లు ఒకేసారి పనిలో ఉంటే 110 అవసరమై కొన్ని పనులు విఫలమవుతాయి. సైటు పుటలూ తెరుచుకోవు, అసలు కారణం వర్కర్లని వెంటనే తట్టదు కూడా. విలువ మార్చిన పిదప వర్కర్లను తిరిగి ప్రారంభించాలి, ఏలనగా నడుస్తున్న ప్రక్రియ పాత సంఖ్యతోనే కొనసాగుతుంది.