కాయితం రాసుకుంటే విడాకులు అయిపోవు

మన సిక్కోలు, విజీనారం పల్లెల్లో మొగుడూ పెళ్లాలకు పడకపోతే ముందు పోయేది కోర్టుకు కాదు, పెద్దల కాడికి. రెండు వైపులోళ్లూ కూకుంటారు. పెట్టిన బంగారమెంత, ఇచ్చిన సొమ్మెంత అని లెక్క తేలుస్తారు. స్టాంపు కాయితం మీద "ఇకమీదట మాకూ మాకూ సంబంధం లేదు" అని రాయించి వేలిముద్రలు ఏయిస్తారు. తెగతెంపులు అయిపోయినట్టే. ఏడాది తిరక్కుండా మారుమనువు. ఊరికది సరిపోతాది. చట్టానికి సరిపోతాదా? తగువుల్లో తిరిగే నన్ను కుర్రోళ్లు ఎక్కువగా అడిగేది ఇదే.

పెద్దల కాయితం చెల్లుతాదా?

1955 నాటి హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్‌లో ఒక మాటుంది. ఆచారం ప్రకారం విడాకులు తీసుకునే హక్కు ఉంటే దాన్ని ఈ చట్టం తీసెయ్యదు. ఈ మాట పట్టుకునే "మా కులంలో చెల్లుతాది" అంటారు. కానీ అలాంటి ఆచారం ఉందని సాక్ష్యంతో రుజువు చెయ్యాల్సింది దాన్ని చెప్పుకున్నోళ్లే. 2002లో యమనాజీ జాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రుజువు కాకపోతే అది ఉత్త కాయితం. నోటరీ ముద్ర ఉన్నా అంతే. పెళ్లి తెగలేదన్నమాట.

పెళ్లి తెగకపోతే మారుమనువు చెల్లదు. మొదటి భార్య ఫిర్యాదు చేస్తే భారతీయ న్యాయ సంహిత 82 కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కాయితం నమ్మి తాళి కట్టించుకున్న రెండో గుంట ఏ తప్పూ చెయ్యకుండానే చట్టం లెక్కలో భార్య కాకుండా పోతాది. అతను పోయాక ఫ్యామిలీ పింఛను కోసం ఇద్దరాడోళ్లు కోర్టు మెట్లెక్కుతారు. పిల్లల్ని మాత్రం చట్టం కాపాడింది. 16వ సెక్షన్ ప్రకారం వాళ్లు సక్రమ సంతానమే. తల్లిదండ్రుల వాటాలో వాళ్లకు హక్కుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంకో మెలిక ఉంది. కాయితంలో "ఇద్దరం ఇష్టపడే విడిగా ఉంటన్నాం" అని రాస్తారు. ఇద్దరూ ఒప్పుకుని విడిగా ఉంటే భార్యకు భరణం రాదని భరణం సెక్షన్‌లోనే ఉంది. అంటే విడాకులు ఇవ్వలేని కాయితం, భరణం ఎగ్గొట్టడానికి మాత్రం పనికొస్తాది. వేలిముద్ర ఏయించే ముందు ఈ ముక్క ఆ గుంటకి ఎవరూ చెప్పరు.

సవర, జాతాపు లాంటి షెడ్యూల్డ్ తెగల సంగతి వేరు. హిందూ వివాహ చట్టం వాళ్లకు వర్తించదని 2వ సెక్షన్‌లోనే ఉంది. వాళ్ల పెళ్లికీ విడాకులకూ వాళ్ల ఆచారమే ఆధారం. భరణం, గృహహింస చట్టాలు మాత్రం అన్ని కులాలకూ మతాలకూ తెగలకూ ఒకటే.

మరి సరైన దారేటి?

ఇద్దరికీ ఇష్టమైతే 13బి సెక్షన్. ఏడాది విడిగా ఉన్నాక ఇద్దరూ కలిసి పిటిషన్ వెయ్యాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. రాజీకి దారి లేదని, భరణం, పిల్లల సంగతి తేలిపోయిందని నమ్మితే ఆ ఆరు నెలలూ మాఫీ చెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. ఒకరికే కావాలంటే 13వ సెక్షన్ కింద కారణం చూపాలి: హింస, వేరే సంబంధం, రెండేళ్లుగా వదిలెయ్యడం లాంటివి.

మొగుడు వెరావల్‌లో వేటకో, హైదరాబాద్‌లో తాపీ పనికో పోయి రాకపోతే? అక్కడికి పోనక్కర్లేదు. 2003 సవరణ తర్వాత భార్య తానున్న చోటి కోర్టులోనే కేసు వెయ్యొచ్చు. కన్నోరింట్లో ఉంటే ఆ ఊరు ఏ కోర్టు కిందికొస్తే అక్కడే.

భరణం, బంగారం, పిల్లలు

భరణానికి విడాకులయ్యే దాకా ఆగక్కర్లేదు. పాత 125 సెక్షనే 2024 జూలై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. విడాకులైనా, మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకూ అడగొచ్చు. "నాకు పన్లేదు" అంటే కుదరదు. ఒళ్లు బాగున్నోడు కూలి చేసైనా పోషించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్క కట్టాలని 2020లో రజనీష్, నేహా కేసులో చెప్పింది. ఆర్డరయ్యాక బాకీ పడితే ఏడాదిలోపే వసూలుకు పిటిషన్ వెయ్యండి, ఆలస్యమైతే ఆ సొమ్ము పోతాది.

కన్నోరు పెట్టిన బంగారం, సారె సామాను స్త్రీధనం, ఆమె సొంతం. అత్తోరి బీరువాలో ఉన్నంత మాత్రాన వాళ్లది కాదు. 1985లో ప్రతిభారాణి కేసులో తేలిన మాట ఇది. "పెళ్లి ఖర్చుల్లో పోయింది" అని పెద్దలు కొట్టేస్తే ఒప్పుకోకండి.

ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి కాడే ఉంటారు. ఆపైన కోర్టు చూసేది పిల్లల మంచి. తల్లి కాడున్నా పోషణ ఖర్చు తండ్రి ఇవ్వాల్సిందే.

లాయరుకు డబ్బుల్లేవా? 1987 చట్టం ప్రకారం ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరు ఉచితం. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాయితం మీద అర్జీ పెట్టండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి.

పెద్దల కాడికి పోవద్దని నాననను. బంగారం, సొమ్ము, పిల్లల లెక్క వాళ్ల ముందే తేల్చుకోండి, తొందరగా తెగుతాది. కానీ అక్కడితో ఆగకండి. ఆ ఒప్పందాన్నే 13బి పిటిషన్‌లో రాయించి జడ్జి ముందు పెట్టండి. డిక్రీ చేతికొచ్చి, అప్పీలు గడువు దాటాకే మారుమనువు మాట. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా ఇప్పుడు స్టాంపు కాయితం కొంటంటే, వేలిముద్ర పడకముందే ఈ ముక్క చెప్పండి.