సంస్కృతాధ్యాపనమున యంత్రసాధనములు

వ్రాతను చూచి చదువువానిని పాణినీయశిక్ష అధమపాఠకులు ఆర్గురిలో నొకనిగా లెక్కించినది. అనగా తాళపత్రమే ఒకప్పుడు శంకింపదగిన సాధనము. కావున కంప్యూటరు తరగతిలోనికి వచ్చినంత మాత్రమున సంప్రదాయము నశించెనని వాపోవుట తగదు. అది యేమి చేయగలదో, యేమి చేయజాలదో విచారింపవలయును.

మేలు ముందుగా చెప్పెదను. తాళపత్రపఠనము నేర్పునపుడు పూర్వము ముగ్గురో నలుగురో మాత్రమే పత్రముపై వంగి చూడగలిగెడివారు. పదముల నడుమ ఎడము లేని ఆ గంటపు వ్రాతను ప్రొజెక్టరుతో గోడపై పెద్దదిగా చూపినచో, వెనుకవరుసలోని విద్యార్థియు పకార వకారముల భేదమును తానే గుర్తించుచున్నాడు. పత్రము చేతులు మారి విరుగునను భయమును లేదు. మోనియర్ విలియమ్సు నిఘంటువు 1899 నాటి ముద్రణను కొలోన్ విశ్వవిద్యాలయమువారు కంప్యూటరునకెక్కించిరి. గ్రంథాలయమున ఒకే ప్రతికై వేచియుండు బాధ దానితో తీరినది.

చిక్కు పదమును వెదకుటతో ఆరంభమగును. 'గఙ్గా' యని పరసవర్ణముతో వ్రాసినను, 'గంగా' యని సున్నతో వ్రాసినను మనకు పదమొకటే. అక్షరములను మాత్రమే పోల్చి వెదకు యంత్రమునకు రెండు. అంతకంటె కష్టమైనది సంధి. వైయాకరణులకు సుపరిచితమైన 'శ్వేతో ధావతి' యను నుదాహరణమును చూడుడు. శ్వేతః అని విడదీసినచో తెల్లనిది పరుగెత్తుచున్నదని యర్థము. శ్వా, ఇతః అని విడదీసినచో కుక్క యిటనుండి పరుగెత్తుచున్నదని యర్థము. హైదరాబాదు విశ్వవిద్యాలయమునను, పారిస్‌లో జెరార్ హ్యూయే చేతను రూపొందిన సాధనములు ఇట్టి వికల్పములను విద్యార్థి ముందుంచుటకు ఉద్దేశింపబడినవే. కాని వానిలో ఏది గ్రాహ్యమో ప్రకరణమును బట్టి చదువరియే నిర్ణయింపవలయును. తెరపై మొదట కనబడినదానిని వ్రాసికొని తృప్తిపడు విద్యార్థికి గుణసంధి సూత్రము స్మరణకు రాదు. నా యసంతృప్తి యంతయు నిచ్చటనే.

ఇక ఉచ్చారణము. వేదపాఠమున గురువు ఒకసారి చెప్పగా శిష్యులందరును కలిసి రెండుసార్లు చెప్పుట సంత. 2020లో పాఠశాలలు మూతపడి ఫోను తెరలపై పాఠము చెప్పవలసి వచ్చినపుడు, ధ్వని ఆలస్యముగా చేరుటచే ఇద్దరు శిష్యుల గొంతులైనను కలియలేదు. ఒక్కొక్కనిచే విడిగా చెప్పించుటతో గంటపాఠము మూడు గంటలాయెను. ఇంటర్నెట్టు అందని ఒక బాలునికి మామూలు టెలిఫోనులోనే వ్యాకరణము చెప్పితిని. అట్టి టెలిఫోను సుమారు 3400 హెర్ట్జులకు పైనున్న ధ్వనిని వదలివేయును. దంత్య సకారమునకు ప్రాణము హెచ్చుగా అచ్చటనే యుండును. వాడు 'సకలము' అనెనో 'శకలము' అనెనో తెలియక ముమ్మారు అడిగితిని. మూడుసార్లును సరిగానే చెప్పెనని ప్రక్కనున్న తండ్రి చెప్పవలసి వచ్చెను!

ధ్వనిముద్రణమున ఉదాత్తానుదాత్తస్వరితములు చక్కగా వినబడును. ఇంటివద్ద వల్లెవేయువానికి అది గొప్ప సహాయము. కాని శిష్యుడు తప్పిన స్వరమును అది వినదు, ఆపి దిద్దదు. తప్పు నాలుకకు అలవాటైన పిదప మాన్పించుట ఎంత శ్రమయో అధ్యాపకులకు విదితమే. అందుచే ముద్రణమును సంత ముగిసిన పిమ్మటనే యిచ్చుచున్నాను. పదచ్ఛేదమును కాగితముపై చేసి చూపిన తరువాతనే విద్యార్థిని కంప్యూటరు కడకు పోనిచ్చుచున్నాను.