పెద్ద తపేలా కొంటున్నారా? టేపు పట్టుకెళ్ళండి!

రోజూ నలుగురికి వండుకునే ఇంట్లో పెద్ద తపేలాతో పనేముంది అనుకుంటాం. ఏ వ్రతమో, సీమంతమో వచ్చేసరికి పక్కింటికి పరుగెడతాం. "వదినగారూ, మీ పెద్ద గిన్నె ఓసారి ఇస్తారా?" అని ఎన్నిసార్లని అడుగుతాం? ఒకటి కొనేసుకుంటే పోలా అని బజారుకు వెళ్తాం. అక్కడ ఏది చవగ్గా, తళతళలాడుతూ కనిపిస్తే అది తెచ్చేసుకుంటాం.

నేనూ అలాగే ఓ స్టీలు తపేలా తెచ్చాను. ఇంట్లో సత్యనారాయణ వ్రతం, పాతికమంది భోజనాలు. అన్నం ఉడికింది. గంజి వారుద్దామని సిబ్బి అడ్డం పెట్టి తపేలా వంచానో లేదో, ఒక చెవి ఊడి చేతిలోకి వచ్చేసింది. సలసల కాగే గంజి కుడిపాదం మీద పడింది. ఆ చెవిని రెండు చుక్కల అతుకుతో అంటించి వదిలేశారని అప్పుడు గానీ చూడలేదు. మూడు వారాలు కాలికి చెప్పు వేసుకోలేకపోయాను. తపేలా మీద మిగుల్చుకున్న దానికి రెండింతలు మందులకే పోయింది. ఆ అనుభవంతో నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు లెక్క

"ఇది పది లీటర్లు పడుతుందమ్మా" అంటాడు కొట్టతను. అది అంచుదాకా నింపితే. మనం వండేటప్పుడు ముప్పాతికకు మించి నింపకూడదు, పొంగిపోతుంది. కాబట్టి టేపు పట్టుకెళ్ళి మనమే కొలుచుకోవడం మేలు.

లెక్క తేలికే. వెడల్పులో సగాన్ని దాంతోనే గుణించి, ఎత్తుతో గుణించి, ఆ వచ్చినదాన్ని 22తో గుణించి 7తో భాగించాలి. వెడల్పు 28 సెంటీమీటర్లు, ఎత్తు 18 అయితే 14×14×18×22÷7 = 11,088. అంటే సుమారు 11 లీటర్లు. వండుకోవడానికి పనికొచ్చేది 8 లీటర్లు.

మనిషికి పావు లీటరు చొప్పున పాతికమందికి సాంబారు ఆరుంపావు లీటర్లు. ఈ తపేలాలో హాయిగా సరిపోతుంది. అన్నమైతే అత్తెసరు పెట్టేవాళ్ళు ఒకటికి రెండు నీళ్ళతో రెండు కిలోల బియ్యం వండుకోవచ్చు. గంజి వార్చేవాళ్ళకు నీళ్ళు ఎక్కువ కావాలి కనుక కిలోంపావు మించి పట్టదు. మీ ఇంట్లో ఏ పద్ధతో చూసుకుని కొనండి. సాంబారుకైతే పాతికమందికి ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు. మరీ ఎక్కువమంది వస్తే రెండు వాయిలు వండుకోవచ్చు, లేదా ఆ ఒక్కరోజుకీ అద్దెకు తెచ్చుకోవచ్చు.

ఏ లోహం?

అల్యూమినియం, అదే మన సత్తుగిన్నె, అన్నిటికన్నా తేలిక. అంతే మందం ఉన్న స్టీలులో దాని బరువు మూడోవంతే. గిన్నెలు తూకానికి అమ్ముతారు కదా, అందుకే పెద్ద పాత్రకు ఖర్చు తగ్గుతుంది. స్టీలుకన్నా పదిరెట్లు పైగా వేగంగా వేడిని పరుస్తుంది కాబట్టి అన్నం అడుగంటడం తక్కువ. కానీ చింతపండు, టమోటా పులుపులు దాన్ని తింటాయి. అన్నానికీ, నీళ్ళు కాచుకోవడానికీ వాడుకోండి గానీ పులుసు కాచకండి. కాచిన పులుసు అందులో రాత్రంతా ఉంచడం అసలే వద్దు.

స్టీలుకు పులుపుతో పేచీ లేదు. చిక్కల్లా అడుగు పలచన కావడమే. మంట తగిలినచోటే మాడి, సాంబారంతా మాడువాసన కొడుతుంది. అడుగున అల్యూమినియం పొర పెట్టి అతికిన మందపాటి రకం కొంచెం ఖరీదైనా తీసుకోండి. "అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు" అంటారు గానీ అది నమ్మకండి. నాసిరకం స్టీలుకు కూడా అంటుకోకపోవచ్చు. కరెంటు ఇండక్షను పొయ్యి ఉన్నవాళ్ళకు మాత్రం అడుక్కి అయస్కాంతం అంటుకుని తీరాలి. 

ఇత్తడి వంటకు మంచిదే. అయితే లోపల కళాయి ఉండాలి. లేకపోతే పులుపుకి చిలుము పట్టి వంట విషమవుతుంది. కళాయి వేయించేటప్పుడు శుద్ధమైన తగరమే వేయమనండి, సీసం కలిస్తే ప్రమాదం. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది, కాబట్టి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోకండి.

పేరూ ఊరూ లేని నాసిరకం సామాను కొనకండి. మన దేశం నుంచి వెళ్ళినవాటితో సహా కొన్ని అల్యూమినియం, ఇత్తడి, ఇండాలియం గిన్నెల నుంచి సీసం వంటలోకి దిగుతోందని 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. స్టీలు, అల్యూమినియం వంటపాత్రల మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలని 2024లో మన కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ గుర్తు ఉందో లేదో గిన్నె తిప్పి చూడండి. 

కొట్లోనే ఈ పరీక్షలు

* చెవులు రెండూ పట్టుకుని గట్టిగా లాగి చూడండి. ఒక్కో చెవికి కనీసం రెండు రివెట్లుండాలి. చుక్క అతుకులైతే వదిలేయండి. కొట్టతను విసుక్కున్నా సరే.
* మసిగుడ్డతో సహా నాలుగు వేళ్ళూ చెవిలో దూరాలి.
* చదునైన బల్ల మీద పెట్టి చూడండి. ఊగితే పొయ్యి మీదా ఊగుతుంది.
* ఒకే కొలతవి రెండు చేతుల్లోకి తీసుకోండి. బరువున్నదాని అడుగే మందం.
* మూత బిగుతుగా కూర్చోవాలి. దాని తూకం కలిపారో లేదో కూడా అడగండి.
* ఇంటి దగ్గర రెండు పొయ్యిల మధ్య దూరం ముందే కొలుచుకుని వెళ్ళండి. తపేలా రెండో పొయ్యి మీదికి వస్తే ఆ పూట పోపు ఎక్కడ పెడతారు?

ఎత్తేది మనమే

ఎనిమిది లీటర్ల సాంబారంటే ఎనిమిది కిలోల పైమాటే, గిన్నె బరువు అదనం. పొయ్యి కట్టేశాక ఇద్దరు పట్టి దించండి. లేదా సగం వేరే గిన్నెలోకి తోడేసి దించండి. పెద్ద తపేలా వంచి గంజి వార్చే సాహసం నేనిక చేయను. చిల్లుల గరిటెతో అన్నాన్ని వెదురుబుట్టలోకి తీసేస్తాను. కాస్త ఆలస్యమైతే కానీయండి. పొరపాటున కాలితే ఇంకు, టూత్‌పేస్టు పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచి, డాక్టరుకు చూపించండి. నా కాలికి ఆ రోజు పూసిన పేస్టు కడగడానికే ప్రాణం పోయినంత పనైంది.

అన్నట్టు, బజారుకు బయల్దేరే ముందు ఒక్కసారి అటక మీద చూడండి. అత్తగారి నాటి ఇత్తడి గుండిగ ఏ మూలో బోర్లించి ఉండొచ్చు. పాత సామాను ఇచ్చి స్టీలు తెచ్చుకునే మోజులో చాలామందిమి వాటిని వదిలించుకున్నాం. మీ ఇంట్లో మిగిలుంటే మీరు అదృష్టవంతులు. చింతపండుతో తోమి, కళాయి వేయించుకోండి. కొత్తది కొనే ఖర్చులో కొంతతోనే అయిపోతుంది. చెవులు మాత్రం ఒకసారి లాగి చూడడం మరిచిపోకండేం!